ముద్దు తీసేస్తే మధురవాణి ఎలా?

నాగావళి
మా అపార్టుమెంటులో ఉగాదికి గురజాడ కన్యాశుల్కం ఆఖరి భాగం వేద్దామనుకున్నాం. మొత్తం నాటకం కాదు లెండి, అది ఒక రాత్రికి తెమిలేది కాదు. లాయరు సౌజన్యారావు పంతులింటికి వేశ్య మధురవాణి మగవేషంలో వచ్చిన దగ్గర్నుంచి గిరీశం "డామిట్" దాకా. నలభై నిమిషాలు. స్క్రిప్టు కమిటీ గ్రూపులో పెడితే రెండు రోజులు ఎవరూ కిక్కురుమనలేదు. మూడోరోజు ఒకాయన: "చాలా బాగుంది మేడమ్, ఆ ముద్దు మాత్రం తీసేయండి, పిల్లలుంటారు."

ముద్దు ఎక్కడుందండీ బాబూ. హత్య కేసులో ఇరుక్కున్న ముసలి లుబ్ధావధాన్లని బయటపడేయడానికి బదులుగా ఆవిడ ముద్దు అడుగుతుంది, ఆయన తన్నుకుని తన్నుకుని చివరికి సిద్ధపడతాడు, ఆవిడే వద్దంటుంది. ఎవరూ ఎవర్నీ ముట్టుకోరు. ఇదే చెప్పాను. "అడగడం కూడా ఎందుకు, పాదాలకి దణ్ణం పెట్టుకోనిమ్మని అడిగితే హుందాగా ఉంటుంది" అని ఇంకొకాయన. పోయిన సంక్రాంతికి అదే స్టేజీ మీద ఆరో క్లాసు పిల్లల చేత ఏ పాటకి నడుములు తిప్పించారో నేను చెప్పను.

రెండో గొడవ. గిరీశం వేషానికి ఏడుగురు పేర్లిచ్చారు. మధురవాణికి మూడో అంతస్తులో ఒకే ఒక్కామె ఒప్పుకుంది, మర్నాడు పొద్దున్నే వాళ్ల అత్తగారు "సానిదాని వేషం మనకెందుకమ్మా" అన్నారని మానుకుంది.

వీళ్లతో వాదించడానికని ఆ రంగం మూడుసార్లు చదివాను. చదివాక నాకే అనుమానం పట్టుకుంది. "చెడనివారిని చెడగొట్టొద్దని మా తల్లి చెప్పింది" అంటుంది కదా. ఇరవయ్యేళ్లుగా నాకు ఇష్టమైన మాట అది. ఇప్పుడు గొంతులో ముల్లులా ఉంది. అంటే తాను ముట్టుకుంటే ఎదుటివాడు చెడిపోతాడని తనే ఒప్పుకున్నట్టు కాదూ? అందర్నీ గట్టెక్కించినావిడ ఆఖర్న తనని తాను మైల అనుకుని వెళ్లిపోతుందా? ఎవరైనా కాస్త తేల్చండి.

పూటకూళ్ల_పులుసు
గిరీశానికి ఏడుగురా! పూటకూళ్లమ్మకి ఇరవై రూపాయలు బాకీ ఉన్నవాడికే వేషం అనండి, వడపోత అయిపోతుంది.

బందరు_లడ్డు
దణ్ణం పెట్టుకోనివ్వడానికి సౌజన్యారావుకి ఏం పోతుంది? ఆయనకి పొద్దున్న లేస్తే దణ్ణాలే. పోయేదేదో అడగాలి కదా. ఆయన దగ్గర డబ్బు కాదు, పరువు కాదు, ఒట్టు ఉంది. వేశ్య మొహం చూడనని. అదే అడిగింది ఆవిడ. ముద్దు తీసేస్తే అది నాటకం కాదు, సన్మానసభ.

ఓరుగల్లు_పోరడు
అక్కా, నేనైతే పంతులు దిక్కే ఉంట. గా మనిషిని అందరు ఆడిపోసుకుంటరు గాని, తనకు ఏమీ గాని ముసలోని కోసం, గది గూడ పసిపిల్లను పైసలిచ్చి కొనుక్కోను చూసిన ముసలోని కోసం, తన నియమం ఇడిచిపెట్ట సిద్ధమైండు. ఎంతమంది జేస్తరు? పేరుకోసం బతికెటోడు అయితే "వాడు సస్తే నాకేంది" అని తలుపేసుకునేటోడు.

అర్ధరాత్రి_పాఠకురాలు
@ఓరుగల్లు_పోరడు సిద్ధమయ్యాడు, నిజమే. ఎంతసేపటికి? ఒక మనిషి ప్రాణం ఒక పళ్లెంలో, తన నియమం ఇంకో పళ్లెంలో పెట్టి అంతసేపు తూకం వేయాల్సొచ్చిందంటే ఆ నియమం బరువెంత అన్నమాట! గురజాడ నవ్వేది అక్కడే. చెడ్డవాడిని చూసి నవ్వడం ఎవరైనా చేస్తారు. గిరీశాన్ని చూసి నవ్విన ప్రేక్షకుడు మంచివాడిని చూసి కూడా సన్నగా నవ్వుకోవాలి, అదీ సంగతి.

ఓరుగల్లు_పోరడు
సన్నగ నవ్వుకో వదినా, వద్దన్లే. మనిషిని మాత్రం పారేయకు.

రిటైర్డ్_తెలుగు_మేష్టారు
కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ నాటకాన్ని మొదట 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. మనం చదివేది అది కాదు. 1909లో గురజాడ దాదాపు తిరగరాసిన రెండో కూర్పు. అయిదంకాలు ఏడంకాలయ్యాయి. మొదటి దానిలో మధురవాణి పాత్ర చిన్నది. పదిహేడేళ్లలో ఆయన చేతుల్లో పెరిగి పెద్దదైన పిల్ల ఆవిడ. పేరు కన్యాశుల్కమే గాని రెండోసారి రాసేటప్పటికి ఆయన మనసు ఎటు తిరిగిందో చూడండి.

ఆ మధ్యకాలంలో బయట నడుస్తున్నది యాంటీ నాచ్ ఉద్యమం. మేజువాణీలకి వెళ్లం, పెళ్లిళ్లలో సానిమేళాలు పెట్టించం అని పెద్దమనుషులు ఒట్లు వేసుకునేవారు. వీరేశలింగం పంతులుగారు, రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు అందులో ముందున్నవాళ్లు. మంచి పనే. అయితే ఆ ఒట్టులో ఒక మెలిక ఉంది. మేళం పెట్టించే జమీందారుని బహిష్కరించడం కష్టం, ఆడే మనిషి మొహం చూడకపోవడం తేలిక. నాటకంలో ఆ మెలికని పట్టుకుని లాగింది మధురవాణే. సౌజన్యారావు గీత పుస్తకం ఇస్తే, కృష్ణుడు కూడా యాంటీ నాచా అన్నట్టు ఒక్క ప్రశ్న వేస్తుంది చూశారూ, ఆ ఒక్క ప్రశ్నకి ఉద్యమం మొత్తం గతుక్కుమంటుంది.

ఇక పేరులో ఉన్న కన్యాశుల్కం సంగతి. విజయనగరం మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో లెక్క తీయిస్తే మూడేళ్లలో 1,034 శుల్కం పెళ్లిళ్లు తేలాయని మొదటి కూర్పు పీఠికలో ఉంది. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

చింతచిగురు
ఏడాది పిల్ల. మా మనవరాలికి పదమూడు నెలలు. ఇప్పుడే ఒళ్లో పడుకుంది. మేష్టారూ, ఆ లెక్క చదివాక ముద్దు గురించి మాట్లాడే కమిటీవాళ్లని ఏమనాలో తెలీడం లేదు. పసిపిల్ల సుబ్బిని లుబ్ధావధాన్లకి పద్దెనిమిది వందలకి అమ్మే మాట పిల్లలు వినొచ్చట, ముద్దు మాట వినకూడదట.

పూటకూళ్ల_పులుసు
"పద్దెనిమిది వందలు" అంటే జీఎస్టీ కలిపా అని అడుగుతారు మా కమిటీలో.

స్టేజీ_వెనక
నేను పాతికేళ్లు పరిషత్ నాటకాలకి తెర లాగినవాడిని, ఓ నాలుగు మాటలు.

ఆ సీనులో ముద్దు దగ్గర ఏం జరగాలో చెప్తా. సౌజన్యారావు వేసినవాడు ఒక అడుగు ముందుకి వెయ్యాలి. ఒకే అడుగు. వేసి, మెడ కాస్త వంచాలి. ఆ క్షణంలో హాల్లో పల్లీలు తినేవాడు కూడా నమలడం ఆపుతాడు. అప్పుడు ఆవిడ చెయ్యెత్తి ఆపాలి. ఆ అడుగు పడలేదా, ఆవిడ ఆపడానికి ఏమీ ఉండదు. మేడమ్ గారూ, మీరు ముద్దు తీస్తే పోయేది ముద్దు కాదు, ఆ అడుగు.

ఇంకోటి. మా గురువుగారు స్థానం నరసింహారావుగారి మధురవాణిని చూశారట. మగాయన ఆడవేషం, ఆ ఆడమనిషి మళ్లీ మగవేషం కట్టుకుని వస్తుంది. "పంచెకట్టులో కూడా ఆడదాని నడకే కనిపించిందిరా" అని చెప్పి చెప్పి మురిసిపోయేవారు. మూడో అంతస్తు అత్తగారికి చెప్పండి, ఆ వేషం మగాళ్లే గౌరవంగా వేశారు, కోడలు వేస్తే ఏం కొంప మునిగిపోతుందని.

బందరు_లడ్డు
స్థానం వారు పద్మశ్రీ అందుకున్నారు. మీ కోడలికి కూడా ఛాన్సుంది అనండి, అత్తగారే చీర కడతారు.

కొలిమి
ఎవరూ అనని మాట ఒకటి అంటాను, తిట్టకండి. సంస్కృతంలో మృచ్ఛకటికం చదివారా? చారుదత్తుడనే పేద బ్రాహ్మణుడు, వసంతసేన అనే గణిక. వసంతసేనని చంపాడని చారుదత్తుడి మీద నేరం పడుతుంది, తలారులు తీసుకుపోతుంటారు, చచ్చిందనుకున్న మనిషి బతికి ఎదురొస్తుంది. ఇక్కడ లుబ్ధావధాన్లు. పెళ్లికూతుర్ని చంపాడని కేసు. చంపడానికి అసలు పెళ్లికూతురే లేదు, ఆడవేషం వేసిన మహేశం. అక్కడా ఇక్కడా జరగని హత్యే, అక్కడా ఇక్కడా ప్రాణం కాపాడేది వేశ్యే.

తేడా ఆఖర్న. శూద్రకుడి నాటకంలో రాజు మారతాడు, కొత్త రాజు వసంతసేనకి వధువు అనే గౌరవం ఇస్తాడు, ఆవిడ ఇల్లాలవుతుంది. గురజాడ అంతకంటే ఎన్నో వందల ఏళ్ల తర్వాత వచ్చి, సంస్కర్తల కాలంలో ఉండి, మధురవాణికి ఆ మాత్రం కూడా ఇవ్వలేదు. నాగావళిగారి ముల్లు ఇదేననుకుంటా.

నాగావళి
@కొలిమి అదే! ఆ పోలిక నాకు తట్టలేదు. సరిగ్గా అదే. రాజు మారితే గణిక ఇల్లాలైంది. ఇక్కడ రాజ్యం అలాగే ఉంది, లాయరు మాత్రం మంచివాడు.

అర్ధరాత్రి_పాఠకురాలు
ఇల్లాలు కావడం బహుమతి అని ఎవరన్నారు? ఆ నాటకంలో ఇల్లాళ్లని చూడండి. అగ్నిహోత్రావధాన్లు భార్య వెంకమ్మ మొగుడి ముందు నోరెత్తలేదు, నుయ్యో గొయ్యో చూసుకుంటానని ఏడవడం తప్ప. వాళ్ల కూతురు బుచ్చమ్మ చిన్ననాడే విధవ. మధురవాణి ఒక్కతే తన కాళ్ల మీద తను నిలబడి, తనకి నచ్చనివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టగలిగింది. ఆవిడకి మంగళసూత్రం కట్టేస్తే మనకి కడుపు నిండుతుంది, అంతే.

డెట్రాయిట్_మంచు
మంచి ముగింపు కావాలని గొడవ చేయడం అన్ని దేశాల్లో ఉన్నదే. ఇబ్సెన్ డాల్స్ హౌస్ 1879లో వచ్చింది. నోరా తలుపేసి వెళ్లిపోతుంది. జర్మనీలో నోరా వేషం వేయాల్సిన నటీమణి "నేనైతే నా పిల్లల్ని వదిలి పోను" అని మొండికేసింది. ఎవరో ముగింపు పాడుచేసేకంటే నేనే పాడుచేస్తానని ఇబ్సెన్ ఇంకో ముగింపు రాసిచ్చాడు, పిల్లల గది గుమ్మం దగ్గర నోరా కూలబడిపోతుంది, వెళ్లదు. తర్వాత ఆయనకే అది నచ్చలేదు. మీ కమిటీవాళ్ల దణ్ణం ఆ జాతిదే.

అన్నట్టు ఇక్కడ మా తెలుగువాళ్ల నాటకాల్లో ఆడవేషాలకి కొరత లేదు. గిరీశానికే దొరకరు, యాస రాదు.

పూటకూళ్ల_పులుసు
అక్కడ గిరీశాలంతా కన్సల్టెన్సీలు పెట్టుకున్నారు, తీరిక ఉండదు.

ఓరుగల్లు_పోరడు
😂 పులుసన్నా, నువ్వు మాత్రం మారవు.

చింతచిగురు
బుచ్చమ్మ మాటొచ్చింది కాబట్టి. నాకెప్పుడూ మధురవాణి కంటే బుచ్చమ్మ దగ్గరే మనసు ఆగిపోతుంది. గిరీశం చెప్పినవన్నీ అబద్ధాలే, సరే. ఆ పిల్లకి మాత్రం అది నిజమైన ప్రేమే కదా. చెల్లెలి పెళ్లి తప్పించడానికి అనుకుని వాడి వెంట వెళ్లింది. ఆఖర్న పూనాలో విధవల హోముకి పంపించి చదువు చెప్పిస్తామంటారు. మంచిదే. ఆ పిల్లని ఎవరైనా అడిగారా?

మా పిన్ని సంగతి. పేరెందుకు. పద్దెనిమిదో ఏట, మా ఊరి బడికి బదిలీ మీద వచ్చిన మాస్టారితో వెళ్లిపోయింది. ఆయన మోసగాడు కాదు, పెళ్లి చేసుకున్నాడు, నలభై ఏళ్లు కాపరం చేశారు. అయినా మొన్న పెద్దకర్మకి వస్తే మా మేనత్త పక్కావిడకి పరిచయం చేసింది, "మా చెల్లెలు, అదే, లేచిపోయింది చూడు" అని. అరవయ్యేళ్ల మనిషిని! ఆయన మాస్టారుగా రిటైరయ్యాడు. ఈవిడ మాత్రం ఇంకా లేచిపోతూనే ఉంది.

అర్ధరాత్రి_పాఠకురాలు
చలం మైదానంలో రాజేశ్వరికి ఒళ్లు మండేది ఆ మాటకే కదా. 1927లో వచ్చిన నవల. ఆవిడ కథ చెప్పడం మొదలుపెట్టేదే ఆ మాట మీద చిరాకుతో. చేసిన పని మీద సిగ్గు లేదు, దానికి జనం పెట్టిన పేరు మీద అసహ్యం.

అన్నా కరెనినాలోనూ అంతే చింతచిగురు గారూ. నవల మొదలయ్యేది అన్నా చేసిన తప్పుతో కాదు, ఆవిడ అన్నయ్య స్తీవా చేసిన తప్పుతో. పిల్లలకి పాఠాలు చెప్పే ఫ్రెంచి ఆవిడతో. ఆ సంసారం నిలబెట్టడానికి రైలెక్కి వచ్చేది అన్నాయే. వదిన్ని బతిమాలి అన్నయ్యని క్షమింపజేస్తుంది. తర్వాత అదే తప్పు తను చేస్తే నాటకశాలలో పక్క బాక్సులో కూర్చున్నావిడ లేచి వెళ్లిపోతుంది, ఈమె పక్కన కూర్చోవడం అవమానమని. స్తీవాకి ఆఖరిదాకా విందులూ ఉద్యోగాలూ. టాల్‌స్టాయ్ ఎక్కడా వేలెత్తి చూపడు. రెండు కథలూ పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు.

బందరు_లడ్డు
స్తీవా బందరులో పుట్టుంటే మున్సిపల్ చైర్మన్ అయ్యేవాడు.

కొలిమి
తప్పు ఒకరిది, సిగ్గు ఇంకొకరిది అనే దానికి నాకు గుర్తొచ్చేది బుచ్చిబాబు నవల చివరకు మిగిలేది. దయానిధి తల్లి గురించి ఊరంతా ఏదో అంటుంది. ఆవిడ చేసిందో లేదో పక్కన పెట్టండి. కొడుకు డాక్టరవుతాడు, పెళ్లి చేసుకుంటాడు, ఊళ్లు మారతాడు, ఆ మాట మాత్రం వెంటే వస్తుంది. ఆడవాళ్లెవరితోనూ స్థిమితంగా ఉండలేడు. బుచ్చిబాబుకి షేక్‌స్పియర్ అంటే ఎంత పిచ్చో తెలుసు కదా, పుస్తకమే రాశాడు. తల్లి గురించి కుమిలిపోయే కొడుకు అనగానే నాకు డెన్మార్కు యువరాజు హామ్లెట్ కనిపిస్తాడు. అపరాధం తనది కాదని తెలిసినా దించుకోలేకపోవడం, అదే ఆ నవల.

రిటైర్డ్_తెలుగు_మేష్టారు
వరవిక్రయం నాటకంలో కాళిందిని మర్చిపోకండి. కాళ్లకూరి నారాయణరావు. అయిదువేల అయిదువందల కట్నం కోసం తండ్రి పొలం అమ్మాల్సొచ్చిందని ఆ పిల్ల నూతిలో పడి చనిపోతుంది. చెల్లెలు కమల మాత్రం పెళ్లి చేసుకుని, డబ్బిచ్చి కొనుక్కున్న సరుకు మా ఇంటికే రావాలి గాని నేను రానని కోర్టులో వాదిస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఒకతె అవమానాన్ని తన మీద వేసుకుంది, ఒకతె పంపినవాళ్లకే తిరుగుటపాలో పంపేసింది.

బందరు_లడ్డు
అదే కాళ్లకూరి వారి చింతామణి నాటకాన్ని 2022 జనవరిలో ఆంధ్రాలో నిషేధించారు కదా. సుబ్బిశెట్టి పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు కోరితే.

స్టేజీ_వెనక
ఆ గొడవ నాకు దగ్గర్నుంచి తెలుసు. రాసిన నాటకం వేరు, తిరునాళ్లలో ఆడేది వేరు. చప్పట్ల కోసం సుబ్బిశెట్టి నోట్లో రాయని బూతులన్నీ కుక్కాం, కుక్కింది మా నాటకాలవాళ్లమే. వేశ్యాలోలత్వం వద్దని చెప్పడానికి రాసిన నాటకం ఆఖరికి దేనికోసం చూసేవారో అందరికీ తెలుసు. అలాగని నిషేధించారంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆ వేషం మీద బతికిన కుటుంబాలు నాకు తెలుసు.

ఓరుగల్లు_పోరడు
గది వేరే ముచ్చట, లొల్లి పెద్దగైతది. మధురవాణి కాడికి రాండ్రి.

పేరు_చెప్పను
రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ రాస్తున్నాను. ఈ పేరుతో ఇదే మొదటిసారి, బహుశా ఇదే ఆఖరు.

మా అమ్మమ్మది ఆటపాటలే వృత్తిగా బతికిన కళావంతుల కుటుంబం. గోదావరి పక్క. చిన్నప్పుడు పదాలు నేర్చుకుంది, అభినయం నేర్చుకుంది. 1947లో దేవదాసీ పద్ధతిని రద్దు చేస్తూ మద్రాసు చట్టం వచ్చేటప్పటికి ఇంకా పసిదే. "చట్టం రాకముందు ఆట ఆపమన్నారు, వచ్చాక పాట కూడా ఆపమన్నారు" అనేది. ఒక మిల్లు గుమస్తాని పెళ్లి చేసుకుని వేరే జిల్లాకి వచ్చేసింది. ఇంటి పేరు మారింది, ఊరు మారింది. వంటింట్లో తలుపు వేసుకుని కూనిరాగం తీసేది. బయట అడుగుల చప్పుడైతే గిన్నెలు తోమడం మొదలుపెట్టేది.

మా అమ్మ పెళ్లప్పుడు అడిగారు, మీదే ఊరు, మీ నాన్నగారేం చేసేవారు అని. తాతయ్య ఏదో చెప్పాడు. పెళ్లయ్యాక ఆరేళ్లకి ఎవరో చుట్టం గుర్తుపట్టి మా నాన్నమ్మ చెవిన వేశాడు. మా నాన్న ఒక్క మాట అనలేదు, మంచివాడు. కాని ఆ తర్వాత అమ్మమ్మ మా ఇంటికి వస్తే నాన్నమ్మ వేరే గ్లాసులో మంచినీళ్లు ఇచ్చేది. అమ్మమ్మ ఆ గ్లాసు కడిగి, బోర్లించి, వెళ్లేటప్పుడు నాన్నమ్మకి చెప్పి వెళ్లేది, "మీ గ్లాసు అక్కడ పెట్టానండీ" అని. నాకు అప్పుడు తెలీలేదు. స్టీలు గ్లాసు, అంచు మీద చుక్కల ముగ్గు ఉండేది.

చివరి రోజుల్లో చూపు తగ్గింది. డిగ్రీలో నాకు కన్యాశుల్కం పాఠం. ఆఖరి అంకం చదివి వినిపించాను. నాగావళిగారు అడిగిన మాట దగ్గరికొచ్చేసరికి నాకు నోరు తడబడింది. అమ్మమ్మ నవ్వింది. "ఎందుకు ఆగావు? ఆ పిల్ల తనని తిట్టుకుంటోందనుకున్నావా? బేరం కుదిరింది, అవతలవాడు సొమ్ము చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, అప్పుడు వద్దు పో అంది. వద్దనగలిగేవాళ్లు ఎప్పుడూ పైచెయ్యే. చెడనివాడంటే ఎవరో నీకు తెలీదు. ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగనివాడు" అంది.

నేను దాని మీద పరీక్షలో ఏమీ రాయలేదు. సౌజన్యారావు శీలవర్ణన రాసి మార్కులు తెచ్చుకున్నాను.

చింతచిగురు
అమ్మా...

అర్ధరాత్రి_పాఠకురాలు
"ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగనివాడు." నేను పై పోస్టుల్లో రాసినవన్నీ తీసేయాలనిపిస్తోంది.

ఓరుగల్లు_పోరడు
తీసెయ్యకు. నాదీ అట్లనే ఉండనీ. పంతులును ఆవిడ అడిగింది, ఆయన ఇస్తనన్నడు. ఇప్పుడాయన చెడనోడు గాదు, అడగబడ్డోడు. అందుకనే నాకు గా మనిషంటే ఇంకా ఇష్టమైంది. అమ్మమ్మకు నా దండం.

కొలిమి
@పేరు_చెప్పను మీ అమ్మమ్మగారి మాటతో నా వసంతసేన వాదం సగం పడిపోయింది. సగమే. ఆవిడకి గ్లాసు వేరుగా ఇచ్చినవాళ్ల సంగతి అలాగే ఉంది కదా. పైచెయ్యి ఒక్క క్షణమే, గ్లాసు జీవితాంతం. నాటకం క్షణాన్ని చూపించి తెర దించేసింది.

పేరు_చెప్పను
అవును. అది కూడా నిజమే.

రిటైర్డ్_తెలుగు_మేష్టారు
ముప్ఫయ్యేళ్లు సౌజన్యారావు శీలవర్ణనకి పదికి ఎనిమిది వేసినవాణ్ణి నేనే అయ్యుంటాను. తల్లీ, క్షమించు.

స్టేజీ_వెనక
ఇంతమంది మాట్లాడారు, మీనాక్షి పేరు ఒక్కరూ ఎత్తలేదు. లుబ్ధావధాన్ల కూతురు, ఆవిడా విధవే. రామప్ప పంతులు వాడుకుని మొహం చాటేస్తాడు. బుచ్చమ్మ మీద జాలిపడతాం, మధురవాణికి చప్పట్లు కొడతాం, మీనాక్షి వస్తే నవ్వుతాం. తెర పక్క నుంచి చూస్తే తెలుస్తుంది హాలు ఎక్కడ నవ్విందో. ప్రేమా కావాలి, తెలివీ లేదు, చదువూ లేదు, అందం గురించి ఎవరూ చెప్పలేదు. అలాంటి మనిషి మీద జాలి పుట్టించడం నటికి చాలా కష్టం. ఒక్కామె చేయగా చూశాను నా జన్మలో.

నాగావళిగారూ, వేషాల సంగతి ఏమైంది? నా సలహా ఒకటి: ముద్దు తీసేయమన్నాయనకే సౌజన్యారావు వేషం ఇవ్వండి.

పూటకూళ్ల_పులుసు
అద్భుతం. డైలాగులున్నాయంటే సిద్ధాంతాలు వాటంతటవే సర్దుకుంటాయి.

నాగావళి
ఇచ్చాను. మీ సలహా చూసిన రాత్రే. "నలభై నిమిషాలూ మీరు స్టేజీ మీదే ఉంటారు సార్" అన్నాను. మర్నాడు గ్రూపులో "ఒరిజినల్ టెక్స్టుని గౌరవించడం మన బాధ్యత" అని పెద్ద మెసేజి, కింద మూడు నమస్కారాలు.

మధురవాణి నేనే వేస్తున్నాను. నలభై ఆరేళ్ల మధురవాణి, నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. పేరు చెప్పనిగారూ, ఆ మాట ఎలా పలకాలో నాకిప్పుడు తెలిసింది. తల దించకుండా.

బందరు_లడ్డు
పంచె ఎవరు కడుతున్నారు? మగవేషం కదా.

నాగావళి
మా వారు. కుచ్చిళ్లు రావు ఆయనకి, యూట్యూబు చూస్తున్నారు.

నాగావళి
నిన్న అయిపోయింది. చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నా.

రిహార్సల్స్‌లో మా సౌజన్యారావు ఆ అడుగు వేయలేదు. పది రోజులూ "స్టేజీ మీద వేస్తానండీ" అంటూ రెండు గజాల దూరంలో నిలబడ్డాడు. నిన్న ముందు వరసలో వాళ్లావిడ, పిల్లలు, పక్కన మూడో అంతస్తు అత్తగారు. నేను ముద్దు అడిగాను. సరిగ్గా అప్పుడే నా మైకు పోయింది. పెదాలు కదిలాయి, మాట వినపడలేదు. హాలంతా నిశ్శబ్దం. ఆయన కొయ్యబారిపోయాడు.

మూడో అంతస్తు అత్తగారు గట్టిగా, "ఏవడిగిందే?"

పక్కనున్న ఆవిడ మనవరాలు ఇంకా గట్టిగా, "ముద్దు మామ్మా!"

ఎవరూ నవ్వలేదు, అదే వింత. మామ్మగారు "ఓహో" అని ముందుకి వంగి కూర్చున్నారు. ఆయన వాళ్లావిడ వైపు ఒకసారి చూసి, అడుగు వేశాడు. చిన్నదే.

స్టేజీ_వెనక
పడిందిగా. చాలు. మెడ వంచాడా?

నాగావళి
వంచాడు. తలపాగా ఊడి నా కాళ్ల మీద పడింది.

పూటకూళ్ల_పులుసు
చూశారా, ఆ రెండో కమిటీ ఆయన కోరుకున్న పాదనమస్కారం కూడా అయిపోయింది.